చుక్క తర్వాతి ముక్కకు ధర ఎంత?

గన్నవరం అనే పేరు మన రాష్ట్రంలో ఒక్క ఊరిది కాదు. విజయవాడ దగ్గర విమానాశ్రయం ఉన్నది ఒక గన్నవరం. కోనసీమలో వైనతేయ గోదావరి పక్కన ఉన్నది పి.గన్నవరం. ఆ మండలంలోనే లంకల గన్నవరం అనే మరో ఊరు ఉంది. దాన్ని ఎల్.గన్నవరం అని కూడా రాస్తారు. ఉత్తరం మీద ఉత్త 'గన్నవరం' అని రాసి డబ్బాలో వేస్తే అది ఏ ఊరికి పోవాలి? అందుకే పేరుకు ముందు ఒక అక్షరం, ఒక చుక్క పెట్టుకున్నాం. ఆ చిన్న గుర్తు లేకపోతే పేరు ఎంత మంచిదైనా చిరునామాగా పనికిరాదు.

ఇంటర్నెట్‌లోనూ ఇదే పద్ధతి ఉంది. అక్కడ గుర్తు పేరుకు ముందు కాక వెనక ఉంటుంది. డాట్ కామ్, డాట్ ఇన్, డాట్ ఆర్గ్ అనే మాటలు మీరు రోజూ వింటూనే ఉంటారు. చుక్క తర్వాత వచ్చే ఈ చివరి ముక్కను ఎక్స్‌టెన్షన్ అంటారు. మొత్తం పేరును డొమైన్ పేరు అంటారు. మనందరికీ తెలిసిన ఎక్స్‌టెన్షన్లు నాలుగో ఐదో కావచ్చు. నిజానికి అవి 1400కు పైగా ఉన్నాయి. అంతగా పేరు లేని ఆ మిగతావాటిలో పేర్లు కొని, తర్వాత ఎక్కువ ధరకు అమ్ముదామని చూసేవారు లోకంలో చాలామంది ఉన్నారు. 'వంద రూపాయలకే పేరు, రేపు లక్షలు' అనే ప్రకటనలు మీ ఇంట్లో పెద్దలకూ కనిపించే ఉంటాయి. ఆ బేరంలో ఏమున్నది, ఏమి లేదు అన్నది తెలుసుకుందాం.

పేరు వెనక అంకెలు

కంప్యూటర్లు ఒకదాన్ని ఒకటి పేరుతో పిలుచుకోవు. ప్రతి యంత్రానికీ 192.0.2.10 వంటి ఒక సంఖ్య ఉంటుంది. మనుషులకు ఇటువంటి సంఖ్యలు గుర్తుండవు కనుక పేర్లు పెట్టారు. ఇంటర్నెట్‌కు పూర్వరూపమైన ఆర్పానెట్‌లో యంత్రాలు తక్కువగా ఉన్నప్పుడు, ఏ పేరుకు ఏ సంఖ్యో చూపే పట్టిక ఒక్కటే ఉండేది. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ పరిశోధనా సంస్థ ఆ పట్టికను రాసి ఉంచేది. మిగతావారంతా దాని నకలు తెచ్చుకునేవారు. యంత్రాలు పెరిగేకొద్దీ ఒక్క పట్టికతో పని జరగడం కష్టమయింది.

1983లో పాల్ మొకపెట్రిస్ అనే శాస్త్రవేత్త దీనికి ఒక ఉపాయం కనిపెట్టాడు. పట్టికనంతా ఒకేచోట పెట్టకుండా భాగాలుగా విడదీసి, ఒక్కో భాగం బాధ్యతను ఒక్కొక్కరికి అప్పగించడమే ఆ ఉపాయం. దాన్నే డొమైన్ పేర్ల వ్యవస్థ అంటున్నాం.

చివరి నుంచి చదివే చిరునామా

ఉత్తరం మీద చిరునామాను తపాలా వారు ఎలా చదువుతారో గమనించారా? ముందు రాష్ట్రం, తర్వాత జిల్లా, తర్వాత ఊరు, చివరికి ఇంటి పేరు. అంటే కింది నుంచి పైకి. డొమైన్ పేరును కంప్యూటర్ కూడా అలాగే వెనక నుంచి ముందుకు చదువుతుంది.

మీరు ఫోనులో 'కొబ్బరి డాట్ ఇన్' అనే పేరు కొట్టారనుకోండి. ముందుగా 'మూలం' అనే కంప్యూటర్లను అడగాలి. వీటిని రూట్ సర్వర్లు అంటారు. అవి 13 పేర్లతో ఉన్నాయి. ఆ 13 పేర్ల కింద పనిచేసే యంత్రాలు మాత్రం ప్రపంచమంతటా వెయ్యికి పైగా ఉన్నాయి. మూలానికి 'కొబ్బరి' ఎవరో తెలియదు. 'డాట్ ఇన్ సంగతి ఫలానా యంత్రాలకు తెలుసు, వాటిని అడుగు' అంటుంది. డాట్ ఇన్ యంత్రం 'కొబ్బరి సంగతి ఫలానా చోట ఉంది' అంటుంది. అక్కడ అడిగితే సంఖ్య దొరుకుతుంది. ఇదంతా రెప్పపాటులో జరిగిపోతుంది. ఒకసారి దొరికిన సమాధానాన్ని కొంతసేపు జ్ఞాపకం ఉంచుకుంటారు కనుక ప్రతిసారీ మూలం దాకా వెళ్లనక్కరలేదు.

కోనసీమ పిల్లలకు ఇది కొత్త సంగతి కాదు. ధవళేశ్వరం దగ్గర గోదావరి నీరు పెద్ద కాలువలోకి వస్తుంది. అక్కడి నుంచి చిన్న కాలువల్లోకి పంచుకుంటూ పోతారు. పి.గన్నవరం దగ్గర అక్విడక్టు మీదుగా ఆ కాలువ నీరు వైనతేయ పాయను దాటి నగరం లంక పొలాలకు చేరుతుంది. మొదటి అక్విడక్టును 1850ల దశకంలో కట్టారు. తర్వాత కట్టిన కొత్త అక్విడక్టుకు అన్నదానానికి పేరుపొందిన డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. పొలం యజమాని తన బోదె ఎంత బాగు చేసుకున్నా, ఎగువన అక్విడక్టు ఆగితే నీరు రాదు. డొమైన్ పేరులోనూ అంతే. పేరు మీదే కావచ్చు. దాని ఎగువన ఉన్న ఎక్స్‌టెన్షన్ ఇంకొకరి చేతిలో ఉంటుంది. ఈ ఒక్క మాట గుర్తుంచుకుంటే ఈ వ్యాపారం సగం అర్థమయినట్లే.

కొనుగోలా, కౌలా?

'డొమైన్ పేరు కొన్నాను' అని అందరూ అంటారు. కాని పేరును ఎవరూ శాశ్వతంగా కొనలేరు. ఏడాదికో, కొన్ని ఏళ్లకో రుసుము కట్టి వాడుకుంటారు. ఒకేసారి గరిష్ఠంగా 10 ఏళ్లకు కట్టవచ్చు. గడువు ముగియగానే మళ్లీ కట్టాలి. మన ఊళ్లలో పొలం కౌలుకు తీసుకోవడం ఎటువంటిదో ఇదీ అటువంటిదే. కౌలు కట్టినంత కాలం పంట మీది. మానేస్తే చేను చేయి జారుతుంది.

ఈ కౌలులో మూడు పాత్రలు ఉన్నాయి. ఎక్స్‌టెన్షన్ మొత్తాన్ని నడిపే సంస్థ రిజిస్ట్రీ. దాని తరఫున జనానికి పేర్లు అమ్మే దుకాణం రిజిస్ట్రార్. పేరు తీసుకునే మనిషి మూడోవాడు. మన దేశపు డాట్ ఇన్‌కు రిజిస్ట్రీ నిక్సీ. అంటే జాతీయ ఇంటర్నెట్ ఎక్స్చేంజి. దాన్ని 2003లో స్థాపించారు. వీటన్నిటికీ పైన, మూల పట్టికలో ఏ ఎక్స్‌టెన్షన్ ఉండాలో చూసే ఐకాన్ అనే సంస్థ 1998లో ఏర్పడింది.

గడువు దాటిన పేరు వెంటనే పోదు. డాట్ కామ్ వంటి వాటిలో ముందు సుమారు 45 రోజుల దాకా మామూలు రుసుముతో నిలుపుకునే వీలుంటుంది. ఆ గడువు ఎంత అన్నది రిజిస్ట్రార్‌ను బట్టి మారుతుంది. తర్వాత 30 రోజులు ఎక్కువ రుసుము కట్టి విడిపించుకోవచ్చు. ఆపైన 5 రోజులు ఎవరికీ దొరకదు. అటు తర్వాత ఎవరు ముందు అడిగితే వారిది. రుసుము కట్టడం మరిచిపోయిన మంచి పేర్లను పట్టుకోవడానికి కాచుకుని కూర్చునేవారు కూడా ఉన్నారు.

ఇన్ని ముక్కలు ఎక్కడివి?

1985లో మొదటి ఎక్స్‌టెన్షన్లు వచ్చాయి. వ్యాపారానికి డాట్ కామ్, విద్యాసంస్థలకు డాట్ ఎడ్యు, అమెరికా ప్రభుత్వానికి డాట్ గవ్, సంఘాలకు డాట్ ఆర్గ్ వంటివి అవి. ఆ ఏడాది మార్చి 15న సింబాలిక్స్ అనే అమెరికన్ కంప్యూటర్ కంపెనీ మొదటి డాట్ కామ్ పేరు నమోదు చేసుకుంది.

ఇవి కాక ప్రతి దేశానికీ రెండక్షరాల ముక్క ఒకటి ఇచ్చారు. భారతదేశానికి 1989లో డాట్ ఇన్ వచ్చింది. చాలా ఏళ్లపాటు దాన్ని పొందడం సులభం కాదు. 2005 జనవరి నుంచి నిబంధనలు సడలించి అందరికీ తెరిచారు.

2012లో ఐకాన్ మరో తలుపు తీసింది. తమకు నచ్చిన మాటను ఎక్స్‌టెన్షన్‌గా నడుపుతామని సంస్థలు దరఖాస్తు చేసుకోవచ్చునంది. ఒక్కో దరఖాస్తుకు రుసుము 1,85,000 డాలర్లు. అయినా 1,930 దరఖాస్తులు వచ్చాయి. 2013 అక్టోబరు నుంచి డాట్ ఆన్‌లైన్, డాట్ స్టోర్, డాట్ షాప్, డాట్ క్లబ్ వంటివి వందల కొద్దీ మూల పట్టికలో చేరాయి. భారతీయుడైన భవిన్ తురాఖియా స్థాపించిన రాడిక్స్ అనే సంస్థ డాట్ ఆన్‌లైన్, డాట్ స్టోర్, డాట్ టెక్ వంటివాటిని నడుపుతోంది.

డాట్ కామ్‌లో మంచి మాటలు ఎప్పుడో అయిపోయాయి. 'వాయిస్' అనే ఒక్క మాటకు డాట్ కామ్ పేరు 2019లో 3 కోట్ల డాలర్లకు చేతులు మారింది. అదే మాట పేరులేని ఎక్స్‌టెన్షన్‌లో కొద్దిపాటి డబ్బుకు దొరకవచ్చు. 'ఈ ఎక్స్‌టెన్షన్ రేపు డాట్ కామ్ అంతటిది అయితే?' అనే ఆశ ఇక్కడే పుడుతుంది. ఆ ఆశ ఒక్కోసారి నిజమయింది, ఒక్కోసారి మునిగింది. రెండు రకాలకూ ఉదాహరణలు చూద్దాం.

చిన్న దీవులు చెప్పే కథలు

కరీబియన్ సముద్రంలో ఆంగ్విల్లా అనే చిన్న దీవి ఉంది. జనాభా సుమారు 16 వేలు, అంటే మన వైపు ఒక పెద్ద ఊరంత. దేశాల పట్టికలో దానికి 'ఏ', 'ఐ' అనే రెండక్షరాలు పడ్డాయి. 1995లో డాట్ ఏఐ మొదలైనప్పుడు దానికి ప్రత్యేకమైన గిరాకీ లేదు. కాని కృత్రిమ మేధను ఇంగ్లీషులో పొట్టిగా పిలిచే అక్షరాలూ అవే. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చాక ఆ పేర్ల కోసం కంపెనీలు ఎగబడ్డాయి. 2023లో ఆ ఒక్క ఎక్స్‌టెన్షన్ మీద ఆంగ్విల్లా ప్రభుత్వానికి సుమారు 3.2 కోట్ల డాలర్లు వచ్చాయి. అది ఆ ప్రభుత్వ ఆదాయంలో అయిదో వంతు కంటే ఎక్కువ.

పసిఫిక్ మహాసముద్రంలోని తువాలు దేశానికి 'టీ', 'వీ' అనే అక్షరాలు వచ్చాయి. టెలివిజన్ పొట్టి పేరు కూడా అదే కనుక వాటిని వాడుకునే హక్కును తువాలు కంపెనీలకు ఇచ్చింది. ఆ సొమ్ము తోడ్పాటుతో 2000లో ఐక్యరాజ్యసమితిలో సభ్యత్వం తీసుకుంది.

ఇప్పుడు రెండో వైపు చూడండి. టోకెలావు అనేది న్యూజిలాండ్ కింద ఉన్న మూడు పగడపు దీవుల సమూహం. దాని ఎక్స్‌టెన్షన్ డాట్ టీకే. ఒక డచ్ కంపెనీ దాన్ని నడుపుతూ పేర్లను ఉచితంగా ఇచ్చింది. ఉచితం అనగానే కోట్ల కొద్దీ పేర్లు నమోదయ్యాయి. ఒక దశలో దేశాల ఎక్స్‌టెన్షన్లన్నిటిలోకీ పెద్దవాటిలో అదొకటి. అయితే మోసగాళ్లకు కూడా ఉచితమే కదా! దొంగ బ్యాంకు పేజీలకు, మోసపు ఉత్తరాలకు వారు ఆ పేర్లను విరివిగా వాడారు. దానితో ఆ ముక్క కనిపిస్తేనే అనుమానించే పరిస్థితి వచ్చింది. ఉత్తరాలను వడపోసే యంత్రాలు కూడా అటువంటి పేర్లను సందేహంగా చూస్తాయి. 2023లో ఫేస్‌బుక్ మాతృసంస్థ ఆ కంపెనీ మీద దావా వేసింది. ఆ ఏడే కొత్త నమోదులు ఆగిపోయాయి. 2024 ఫిబ్రవరిలో ఆ కంపెనీ పేర్ల వ్యాపారం నుంచి తప్పుకుంటున్నట్లు ప్రకటించింది. నిజాయితీగా ఆ పేర్లు వాడుకుంటున్నవారికి ఎగువ కాలువ ఎండినట్లయింది.

ఎక్స్‌టెన్షన్ పూర్తిగా మాయమయిన సందర్భం కూడా ఉంది. యుగోస్లావియా దేశానికి డాట్ వైయు ఉండేది. దేశం విడిపోయాక సెర్బియాకూ మాంటెనెగ్రోకూ వేరువేరు ముక్కలు ఇచ్చారు. 2010 మార్చి 30న డాట్ వైయును మూల పట్టిక నుంచి తీసివేశారు. అందులో పేరున్నవారు అంతకుముందే కొత్త చిరునామాలకు మారవలసి వచ్చింది.

ఈ కథలన్నిటిలో లాభం ముందుగా ఎవరికి వచ్చిందో గమనించండి. ఎగువన తూము ఎవరి చేతిలో ఉందో వారికి. కింద పేర్లు కొన్నవారిలో కొందరికి మాత్రమే కలిసి వచ్చింది. 1995లో డాట్ ఏఐ పేరు తీసుకున్నవారు 2022 దాకా, అంటే 27 ఏళ్లు కౌలు కడుతూ ఉండవలసి వచ్చేది. ఆ గిరాకీ ఎప్పుడు వస్తుందో, అసలు వస్తుందో రాదో ముందుగా చెప్పగలిగినవారు లేరు.

లెక్క వేసి చూద్దాం

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఇందులోని అంకెలు లెక్క కోసం అనుకున్నవి మాత్రమే. రామయ్య అనే వ్యక్తి ఒక కొత్త ఎక్స్‌టెన్షన్‌లో 20 పేర్లు తీసుకున్నాడు. మొదటి ఏడు ఒక్కో పేరుకు 100 రూపాయలు. రెండో ఏడు నుంచి ఒక్కో పేరుకు ఏడాదికి 900 రూపాయలు. అయిదేళ్లు ఉంచుకుంటే అతని ఖర్చు ఎంత?

మొదటి ఏడు: 20 × 100 = 2,000 రూపాయలు.
తర్వాతి నాలుగేళ్లు: 20 × 900 × 4 = 72,000 రూపాయలు.
మొత్తం 74,000 రూపాయలు.

చూశారా! ప్రకటనలో కనిపించిన 2,000 మొత్తం ఖర్చులో ముప్పై ఏడో వంతు మాత్రమే.

ఇక అమ్మకం. వంద పేర్లలో ఏడాదికి ఒకటి అమ్ముడుపోతుందని అనుకుందాం. 20 పేర్లను అయిదేళ్లు ఉంచుకోవడమంటే 100 అవకాశాలు. కనుక సగటున ఒక్క పేరు అమ్ముడుపోతుంది. దానికి 30,000 వచ్చినా రామయ్యకు 44,000 నష్టం.

ఇంకో మాట. 'సగటున ఒకటి' అంటే తప్పకుండా ఒకటి అని అర్థం కాదు. ఒక అవకాశంలో అమ్ముడుపోకుండా ఉండే సంభావ్యత 0.99. వంద అవకాశాల్లో ఒక్కటీ అమ్ముడుపోకుండా ఉండే సంభావ్యత 0.99ను వందసార్లు గుణిస్తే వస్తుంది. అది సుమారు 0.37. అంటే రామయ్య వంటివారు ముగ్గురుంటే వారిలో ఒకరికి అయిదేళ్లలో ఒక్క రూపాయి కూడా చేతికి రాకపోవచ్చు. లక్షలు సంపాదించినవారి కథ పత్రికల్లో వస్తుంది. ఈ మూడోవాడి కథ ఎక్కడా అచ్చు కాదు.

రుసుము పెరగవచ్చుననేది కూడా లెక్కలోకి రావాలి. 2012 తర్వాత వచ్చిన కొత్త ఎక్స్‌టెన్షన్లలో ధర నిర్ణయం చాలావరకు రిజిస్ట్రీ ఇష్టం. పెంచదలిస్తే ఆరు నెలల ముందు తెలియజేయాలి. ఆలోగా పాత ధరకే 10 ఏళ్ల దాకా కట్టుకునే వీలు ఇవ్వాలి. ఇది తెలిసినవారు చాలా తక్కువ. 'ప్రీమియం' అని గుర్తు పెట్టిన పేర్లకు మొదటి నుంచే ఎక్కువ ధర ఉంటుంది. కొన్నిటికి ఏటా కట్టే రుసుము కూడా ఎక్కువే ఉంటుంది.

ఇతరుల పేరును పట్టుకోవచ్చునా?

'పేరున్న కంపెనీ పేరునే పేరులేని ఎక్స్‌టెన్షన్‌లో తీసుకుని ఆ కంపెనీకే అమ్మితే సరి!' అని కొందరికి తోస్తుంది. ఇది తెలివితేటలుగా కనిపించే తప్పు. దీని మీద మన సుప్రీంకోర్టు 2004లో ఒక ముఖ్యమైన తీర్పు చెప్పింది. ఆ కేసులో ఒక పక్షం సత్యం ఇన్ఫోవే. ఇది హైదరాబాదులోని సత్యం కంప్యూటర్ సర్వీసెస్‌కు అనుబంధంగా పుట్టిన సంస్థ. తన పేరులోని రెండు మాటల నుంచి అక్షరాలు తీసుకుని 'సిఫీ' అనే కొత్త మాటను తయారు చేసుకుంది. 1999లో ఆ మాటతో కొన్ని డొమైన్ పేర్లు నమోదు చేసుకుంది. తర్వాత ఇంకొక సంస్థ ఇంగ్లీషు వర్ణక్రమంలో 'ఎఫ్' అక్షరాన్ని రెండుసార్లు రాసి, దాదాపు అదే ధ్వనితో పేర్లు తీసుకుంది. వినియోగదారులు పొరబడే అవకాశం ఉందని కోర్టు సత్యం ఇన్ఫోవే పక్షాన తీర్పిచ్చింది. డొమైన్ పేరు ఉత్త చిరునామా కాదనీ, వ్యాపార గుర్తు వంటిదనీ, దానికీ రక్షణ ఉందనీ ఆ తీర్పు వల్ల తేలింది.

డాట్ కామ్ వంటి పేర్ల వివాదాలకు 1999 నుంచి ప్రపంచవ్యాప్తమైన పరిష్కార విధానం ఉంది. డాట్ ఇన్‌కు మన దేశంలో ప్రత్యేక విధానం ఉంది. దురుద్దేశంతో తీసుకున్నారని రుజువయితే పేరు పోతుంది, కట్టిన రుసుమూ పోతుంది. 'కొబ్బరి', 'పడవ', 'వంతెన' వంటి మామూలు మాటలను ముందుగా తీసుకుని అమ్మడం వేరు. ఇంకొకరు కష్టపడి నిలబెట్టుకున్న పేరును పట్టుకుని బేరమాడడం వేరు.

మన లిపిలో ఒక ఎక్స్‌టెన్షన్

అంతగా పేరు లేని ఎక్స్‌టెన్షన్లలో ఒకటి అచ్చంగా మనది. దాని పేరు డాట్ భారత్. తెలుగు లిపిలోనే రాసే ఈ ముక్క 2011లో మూల పట్టికలో చేరింది. హిందీ, తమిళం, బెంగాలీ, గుజరాతీ, పంజాబీ, ఉర్దూలకు కూడా అప్పుడే వచ్చాయి. దేవనాగరి లిపిలోని డాట్ భారత్‌ను 2014 ఆగస్టులో జనానికి అందుబాటులోకి తెచ్చారు. తర్వాత మిగతా లిపులూ వచ్చాయి. ఇప్పుడు మన దేశానికి ఇటువంటివి 15 ఉన్నాయి.

మూల పట్టిక ఇంగ్లీషు అక్షరాలూ అంకెలూ చిన్న గీతా మాత్రమే తెలిసిన కాలంలో పుట్టింది. మరి అందులో తెలుగు ఎలా ఇమిడింది? యూనికోడ్ అనే పద్ధతిలో ప్రతి అక్షరానికీ గుణింతపు గుర్తుకూ ఒక సంఖ్య ఉంది. 'భారత్' అని మనం రాసేది మూడు అక్షరాలు. యంత్రానికి మాత్రం భ, దీర్ఘం, ర, త, పొల్లు అని అయిదు సంకేతాలు. ఈ అయిదు సంఖ్యలను పునీకోడ్ అనే గణితపద్ధతి ఇంగ్లీషు అక్షరాల వరుసగా మారుస్తుంది. 2003లో ఈ పద్ధతి ప్రమాణంగా వచ్చింది. దాని ప్రకారం మన 'భారత్' మూల పట్టికలో 'ఎక్స్ ఎన్' అనే అక్షరాలు, రెండు చిన్న గీతలు, వాటి తర్వాత 'ఎఫ్ పి సి ఆర్ జె 9 సి 3 డి' అనే వరుసగా ఉంటుంది. తెర మీద మనకు తెలుగే కనిపిస్తుంది.

దీని వల్ల లాభం ఏమిటి? 'కోనసీమ' అని ఇంగ్లీషులో రాయమంటే 'సీ' దగ్గర ఒకరు 'ఈ' అక్షరం రెండుసార్లు రాస్తారు, ఇంకొకరు 'ఐ' ఒక్కటే రాస్తారు. రెండూ వేరువేరు డొమైన్ పేర్లు. ఒకటి మీరు తీసుకుంటే రెండోది ఇంకెవరైనా తీసుకోవచ్చు. తెలుగులో 'కోనసీమ' అని రాయడానికి ఒక్కటే దారి. ఇంగ్లీషు రానివారు కూడా చదవగలరు, తప్పు లేకుండా చెప్పగలరు.

ఇంత మంచిదయితే అందరూ ఎందుకు తీసుకోలేదు? దానికి కొన్ని కారణాలు ఉన్నాయి. చాలామందికి ఫోనులో తెలుగు కొట్టడం అలవాటు లేదు. కొన్ని సైట్లలో దరఖాస్తు నింపేటప్పుడు తెలుగు చిరునామా ఇస్తే 'ఇది సరైన చిరునామా కాదు' అని తిప్పికొడతాయి. తెలుగు, కన్నడ లిపులలో ఒకేలా కనిపించే అక్షరాలు ఉన్నాయి కనుక మోసం జరగకుండా ఏ పేరులో ఏ అక్షరాలు రావచ్చునో నియమాలు పెట్టవలసి వచ్చింది. 2021 జనవరిలో డాట్ ఇన్ పేరు తీసుకున్నవారికి మన భాషలోని పేరును నిక్సీ ఉచితంగా ఇవ్వజూపింది. అయినా వాడకం డాట్ ఇన్ దరిదాపులకు రాలేదు. ఎవరూ వాడరు కనుక సైట్లు సరిచేసుకోవు. సైట్లు సరిచేసుకోవు కనుక ఎవరూ వాడరు. ఈ వలయాన్ని అమ్మకందార్లు తెంచలేరు. వాడేవారే తెంచాలి.

పేరు చేతులు మారేది ఎలా?

పేరు అమ్మేటప్పుడు ఎదుటి మనిషి ఏ దేశంలో ఉంటాడో తెలియదు. డబ్బు ముందా, పేరు ముందా? అందుకని నమ్మకమైన మూడో సంస్థ దగ్గర కొనేవాడు డబ్బు జమ చేస్తాడు. అమ్మేవాడు రిజిస్ట్రార్ నుంచి బదిలీ సంకేతం తీసుకుని ఇస్తాడు. అది ఆ పేరుకు తాళం చెవి వంటిది. పేరు కొనేవాడి ఖాతాలోకి వచ్చాకనే మధ్యసంస్థ డబ్బు విడుదల చేస్తుంది. 'మీ పేరును పెద్ద ధరకు కొంటాం, ముందు విలువ కట్టించే రుసుము పంపండి' అని ఉత్తరం వస్తే అది మోసమని గ్రహించాలి. కొనేవాడు అమ్మేవాడిని డబ్బు అడగడు కదా! మన చట్టం ప్రకారం 18 ఏళ్లు నిండనివారు ఇటువంటి ఒప్పందాలు చేసుకోవడానికి అర్హులు కారు. కాబట్టి మీరు ఇందులో దిగకండి. ఇంట్లో పెద్దలు దిగబోతే పై లెక్క వేసి చూపించండి.

ఏ పేరు మంచిది?

పి.గన్నవరం దగ్గర కొబ్బరి పీచు తాళ్లు పేనేవారు కొందరు కలిసి ఒక సంఘం పెట్టుకుని, ఇంటర్నెట్‌లో పేరు తీసుకోవాలనుకున్నారని ఊహించండి. డాట్ కామ్‌లో వారు కోరుకున్న పేరు లేదు. చవకగా ఒక కొత్త ఎక్స్‌టెన్షన్ దొరుకుతోంది. డాట్ ఇన్ ఉంది. డాట్ భారత్ ఉంది. ఏది తీసుకోవాలి? వారు మూడు ప్రశ్నలు వేసుకోవాలి. ఎగువ తూము ఎవరి చేతిలో ఉంది? రెండో ఏడు నుంచి కౌలు ఎంత? మన సరుకు కొనేవారు ఈ పేరు చూసి నమ్ముతారా? ఈ మూడింటికీ మంచి జవాబు ఉంటే ఆ ఎక్స్‌టెన్షన్‌కు పేరు లేకపోయినా ఫరవాలేదు. వారు దాన్ని అమ్మడానికి తీసుకోవడం లేదు, వాడుకోవడానికి తీసుకుంటున్నారు. వాడే పేరుకు విలువ ఏటేటా పెరుగుతుంది. దాచిన పేరుకు రుసుము మాత్రమే ఏటేటా పెరుగుతుంది.

ఆలోచించండి

1. 'గన్నవరం' అనే మాటలో మనం రాసే అక్షరాలు ఎన్ని? యంత్రానికి సంకేతాలు ఎన్ని? (ఒత్తు రాయడానికి పొల్లు, దాని కింది హల్లు వేరువేరు సంకేతాలుగా లెక్కించాలి.)
2. రామయ్య మొదటి ఏడు ముగియగానే 15 పేర్లు వదిలేసి 5 మాత్రమే ఉంచుకుంటే అయిదేళ్లలో మొత్తం ఖర్చు ఎంత?
3. ఆ 5 పేర్లను చివరి నాలుగేళ్లు ఉంచితే ఎన్ని అవకాశాలు? ఒక్కటీ అమ్ముడుపోకపోవడానికి సంభావ్యత సుమారు ఎంత?

జవాబులు: 1. అక్షరాలు 4, సంకేతాలు 7. 2. 2,000 + 18,000 = 20,000 రూపాయలు. 3. 20 అవకాశాలు, సుమారు 0.82.